నీరు పల్లమెరుగు, వాల్వు వానెరుగు

పాలనూ నీళ్లనూ వేరు చేసే హంస పురాణాల్లో ఒక్కటే ఉంది. మా పటాన్‌చెరు వైపు మందుల కంపెనీల షెడ్ల వెనక్కి వెళ్తే ఎన్ని కావాలంటే అన్ని కనిపిస్తాయి. వాటిని ఎంఈఈ అంటారు. పూర్తి పేరు మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపొరేటరు. ఒళ్లంతా స్టీలు. హంస బ్రహ్మకి వాహనమైతే, ఈ హంసకి బాయిలరు వాహనం.

పద్ధతి మహా పొదుపైనది. హై టీడీఎస్ నీళ్లను, అంటే ఉప్పులు దట్టించిన మురుగునీళ్లను, మొదటి గదిలో బాయిలరు ఆవిరితో మరిగిస్తారు. అక్కడ పుట్టిన ఆవిరితో రెండో గదిని, రెండోదాని ఆవిరితో మూడోదాన్ని వేడిచేస్తారు. గదిగదికీ ఒత్తిడి తగ్గిస్తూ పోతారు కాబట్టి వేడి తగ్గిన ఆవిరికి కూడా పని దొరుకుతుంది. పెద్దోడి నిక్కరు నడిపోడికి, నడిపోడిది చిన్నోడికి తొడిగినట్టు. చివర్లో మిగిలిన చిక్కటి రసాన్ని ఏటీఎఫ్‌డీ అనే ఇంకో యంత్రంలో పోస్తారు. అందులో తిరిగే బ్లేడ్లు అడుగంటిన కోవాను గరిటెతో గీకినట్టు గీకి ఉప్పు రాలుస్తాయి. ఆ ఉప్పు లారీ ఎక్కి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల డంపుకి పోతుంది, నీళ్లు మళ్లీ కంపెనీలోకే వస్తాయి. చుక్క బయటికి పోదు. అందుకే దీనికి జీరో లిక్విడ్ డిశ్చార్జ్ అని పేరు. సున్నా కనిపెట్టినవాళ్లం కదా, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకునే హక్కు మనకుంది.

సైన్సు మీద గౌరవంతో మొన్న ఆదివారం నేనూ వంటింట్లో ఒక జీరో డిశ్చార్జ్ ప్లాంటు పెట్టాను. లీటరు నీళ్లలో గుప్పెడు రాళ్లుప్పు వేసి, చారు గిన్నెలో పోసి, పెద్ద మంట మీద పెట్టాను. గంట దగ్గర దగ్గర పట్టింది. ఆఖర్న ఉప్పు పటపటా పేలి స్టవ్వంతా చిందింది. గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టింది. మా ఆవిడ వచ్చి చూసి, "ఈ గిన్నె ఎవరు తోముతారండీ?" అని ఒకే ఒక్క సాంకేతిక ప్రశ్న అడిగింది. నేనే తోమాను. పెచ్చు ఊడితే ఒట్టు. గిన్నె నిండా నీళ్లు పోసి నానబెట్టి, కాసేపాగి సింకులో ఒంపేశాను. నీళ్లలోంచి అంత కష్టపడి తీసిన ఉప్పు మళ్లీ నీళ్లతోనే వెళ్లిపోయింది. ఎవరూ చూడలేదు. పరిశ్రమ నడపడంలో ఉన్న సాధకబాధకాలు ఆ క్షణాన నాకు బోధపడ్డాయి.

లెక్క కూడా వేశాను. మరుగుతున్న లీటరు నీళ్లు ఆవిరి కావడానికే 540 కిలో కెలోరీలు కావాలి. ఇంటి స్టవ్వు మీద 14.2 కిలోల సిలిండర్ మొత్తం తగలేసినా గట్టిగా ఓ 150 లీటర్లు. అంటే వాకిట్లో పెట్టుకునే నీలం డ్రమ్ము ఒక్కటి కూడా ఖాళీ కాదు. కరెంటు లెక్కలో వెయ్యి లీటర్లకి 627 యూనిట్లు, మా ఇంటి మూణ్ణెల్ల వాడకం. నిక్కరు ఎందరికి మార్చి తొడిగినా మొదటిది కొనాల్సిందే కదా.

ఇక్కడే రెండో రకం ఆవిష్కర్తలు ఆదుకోవాలి. వీళ్లు నీళ్లలోంచే శక్తి పిండుతారు. అమెరికాలో స్టాన్లీ మేయర్ నీళ్లతో నడిచే బగ్గీ చూపించాడు. 1996లో ఒహాయో కోర్టు అది పచ్చి మోసమని తేల్చి, డబ్బు పెట్టిన ఇద్దరికీ 25,000 డాలర్లు వెనక్కిమ్మంది. అదే ఏడాది తమిళనాడులో రామర్ పిళ్లై నీళ్లలో మూలికలు మరిగించి పెట్రోలు చేస్తానన్నాడు. 2016లో మూడేళ్ల జైలుశిక్ష పడింది. 2012లో పాకిస్తాన్‌లో ఆగా వకార్ చూపించిన, నీళ్లతో కారు నడిపే వాటర్ కిట్టు చూసి మంత్రులు కూడా మురిసిపోయారు. నీళ్లంటే హైడ్రోజన్ కాలగా మిగిలిన బూడిద. బూడిదలోంచి మంట తీస్తామనేవాళ్ల కంటే విభూతి రాల్చే బాబాలే నయం, వాళ్లకి పేటెంటు ఆశ లేదు.

నిజాయతీగా పనిచేసేవాళ్లూ ఉన్నారు గానీ వాళ్లతో మజా ఉండదు. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ (ఎండ, గాలి కరెంటుతో నీళ్లను విడగొట్టి తీసేది) హబ్‌కు శంకుస్థాపన చేశారు. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్ల పైచిలుకు కరెంటు పెడితే అందులోంచి వచ్చేది 33 యూనిట్లేనని ఆ రంగంవాళ్లే ఒప్పేసుకుంటారు. కొలంబియా యూనివర్సిటీలో ఓజ్‌గుర్ సాహిన్ బృందం 2015లో తడికి ఉబ్బి, ఆరితే ముడుచుకునే బాక్టీరియా స్పోర్లతో, కేవలం నీళ్లు ఆవిరయ్యే బలంతో ఒక కారును కదిలించింది. కారు బరువు 100 గ్రాములు. మా ఎంఈఈ ఆపరేటరు టిఫిన్ డబ్బా కూడా అందులో పట్టదు.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి: ఈ రెండు రకాల ఆవిష్కర్తలకీ పెళ్లి చేసేయండి. ఒకాయన కరెంటు పెట్టి నీళ్లను ఆవిరి చేస్తాడు, రెండో ఆయన ఆ నీళ్లలోంచే కరెంటు తీసి మొదటాయనకిస్తాడు. కంపెనీకి ఖర్చు సున్నా. మళ్లీ మనదే సున్నా.

సంబంధం కుదిరేదాకా పాత ఆవిష్కరణే దిక్కు: వాల్వు తిప్పు, వాగులోకి వదులు. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల నీళ్లు శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొస్తున్న నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఒక్కరోజులో పోతున్న సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు 44 కిలోలు, 44,000 మంది ఉన్న ఊరంతటికీ వైద్యం చేయొచ్చట. డాక్టరు చీటీ లేకుండా, ఆధార్ అడగకుండా, కప్పల దాకా చేరిన ఆరోగ్య పథకం ఇంకొకటి చూపించండి. ఇప్పుడు హంసలొచ్చాయి, రోజులు మారాయి అంటున్నారు. మారే ఉంటాయి. తొలకరికి మట్టివాసన వస్తుందని కవులు రాస్తుంటారు. వాగు పక్కనున్న మా కాలనీలో మాత్రం నాలుగు చినుకులు పడగానే కిటికీలు మూసుకుంటాం. వాన నీళ్లకి నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన ఎందుకొస్తుందో పురాణాల్లో లేదు.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర, నైట్ షిఫ్టుకి పోవాల్సిన ఒక కంపెనీ కుర్రాడు తీరిగ్గా బిస్కెట్టు ముంచుకు తింటున్నాడు. "ఏం తమ్మీ, ఎంఈఈ నడపడానికి పోలేదా?" అన్నాను.

వాడు తలెత్తి ఆకాశం వైపు చూశాడు. "మబ్బు పట్టింది కదా సార్. ఇయ్యాల బంద్ పెట్టిండ్రు."