రాజపూజ్యం ఆయనది, అవమానం కుర్రాడిది

ఉగాది రోజు పంచాంగ శ్రవణంలో పంతులుగారు మా తెలుగు సంఘం అధ్యక్షులవారి రాశికి రాజపూజ్యం ఎక్కువ, అవమానం తక్కువ అని చదివితే హాలంతా చప్పట్లు కొట్టాం. మిగిలిన అవమానం ఎవరి ఖాతాలో పడిందో భోజనాల దగ్గర తెలిసింది.

వచ్చింది 350 మంది. కేటరింగ్‌కి చెప్పింది 280 మందికి. ఆ అంకె తగ్గించింది అధ్యక్షులవారే. "ఏటా పారబోస్తున్నాం, 280 చాలు" అని కమిటీ వాట్సాప్ గ్రూపులో ఆయన పెట్టిన మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. పులిహోర ట్రే అడుగు కనబడేసరికి లైన్లో ఇంకా అరవై డెబ్భై మంది. ఆయన వచ్చి, వడ్డిస్తున్న ఎమ్మెస్ కుర్రాడి భుజం మీద చెయ్యేసి, నవ్వుతూ, లైనంతటికీ వినబడేలా "తమ్ముడూ, లెక్కలు నీకు అప్పజెప్పడం నాదే పొరపాటు" అన్నారు. పొద్దున ఆరింటికే వచ్చి తోరణాలు కట్టిన పిల్లాడు. ట్రే గీకుతున్న గరిటె ఆగిపోయింది. గ్లోవ్స్ వేళ్ళ చివర పసుపు. తలెత్తలేదు.

పావుగంటలో అదే పెద్దమనిషి స్టేజీ మీద వాలంటీర్ల సేవ గురించి చెబుతూ, గొంతు పూడుకుపోయి కళ్ళు తుడుచుకున్నారు. నా పక్క కుర్చీలో పిన్నిగారూ తుడుచుకున్నారు.

మరి నేను? ఆ లైన్లోనే ఉన్నాను, ఖాళీ ప్లేటు కేసి చూస్తూ.

కార్లో మా అమ్మాయి "ఆయన సైకోపాత్ నాన్నా" అని తేల్చేసింది. కాలేజీలో సైకాలజీ క్లాసు తీసుకుంటోంది లెండి. నాకు ఆ మాట మింగుడుపడలేదు. 2024 ఆంధ్ర ఎన్నికల్లో 'సైకో' అన్నది నినాదమైపోయింది. ఎవరి పార్టీని బట్టి వాళ్ళకో సైకో. డాక్టర్ల లెక్క అంత చవక కాదు. కెనడా సైకాలజిస్టు రాబర్ట్ హేర్ చెక్‌లిస్టులో 20 అంశాలుంటాయి, మొత్తం 40 మార్కులు. ఇక్కడ అమెరికాలో మామూలుగా 30, ఆపైన వస్తేనే ఆ మాట వాడతారు. అదీ శిక్షణ ఉన్నవాళ్ళు, మనిషి పాత రికార్డులు తిరగేసి. పైపై ఆకర్షణ, అలవోకగా అబద్ధం, చేసినదానికి బాధ్యత తీసుకోకపోవడం అందులో ఉన్నవే. చిన్నప్పటి నేరాల దగ్గర్నుంచీ ఇంకా చాలా ఉన్నాయి.

1964లో ఒక అమెరికన్ పత్రిక, రిపబ్లికన్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ దేశాధ్యక్ష పదవికి మానసికంగా పనికొస్తారా అని సైకియాట్రిస్టులకు ఉత్తరాలు రాసింది. ఆయన మొహమైనా చూడకుండా 1,189 మంది పనికిరారన్నారు. ఆయన కోర్టుకెళ్ళి గెలిచారు. 1973 నుంచి, పరీక్షించని మనిషి గురించి అలా తీర్పు చెప్పకూడదన్నది సైకియాట్రిస్టుల సంఘం నియమం. వాళ్ళకే లేని హక్కు పులిహోర లైన్లో నిలబడ్డ నాకెక్కడిది?

కానీ రోగం పేరు తెలిసేదాకా ఆగితే, పీపుల్స్ టెంపుల్ అనే చర్చి నడిపిన జిమ్ జోన్స్ లాంటివాళ్ళను ఎవరు ఆపాలి? శాన్‌ఫ్రాన్సిస్కో నాయకులు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు, ఒక్క ఫోన్‌తో జనాన్ని దింపగలడని. 1976లో నగర హౌసింగ్ కమిషన్‌లో పదవి ఇచ్చారు. ఆయన చర్చి వదిలొచ్చినవాళ్ళు అక్కడి దెబ్బల గురించి 1977లో పత్రికకెక్కి చెప్పినా పెద్దలు వెంటనే వదులుకోలేదు. 1978 నవంబరు 18న, ఆయన తన అనుచరుల్ని తీసుకెళ్ళిన గయానాలో 900 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది విషంతో. మా ఉగాదికీ దానికీ పోలిక లేదు. అయినా "జనాన్ని తెస్తాడు, స్పాన్సర్లను తెస్తాడు" అన్నమాట మన కమిటీల్లోనూ వింటున్నదే.

నలుగురిలో మనిషి పరువు తియ్యకూడదని మనకు నేర్పారు. మంచి నేర్పే. అది పెద్దవాళ్ళ పరువుకే వర్తిస్తుందని మనం ఎప్పుడు సవరించుకున్నామో తెలియదు. పిల్లాడి పరువు పోతుంటే "పెద్దాయన సరదాకి అన్నారు" అనేశాం. పైవాళ్ళతో ఎలా ఉన్నాడన్నది కాదు, తిరిగి మాట అనలేనివాడితో ఎలా ఉన్నాడన్నదే నేను చూస్తాను. అది ఒక్కసారి జరిగిందా, ఏటా జరుగుతోందా అని కూడా. ఇలా మాటపడ్డవాళ్ళలో మాకిది మూడో వాలంటీరు.

ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. "పర్లేదంకుల్, వదిలేయండి" అన్నాడు. శ్రీరామనవమికి వస్తావా అంటే ఎగ్జామ్ ఉందన్నాడు.

వచ్చే జనరల్ బాడీలో ఆ వాట్సాప్ మెసేజ్ చదివి, 280 ఎవరి లెక్కో మినిట్స్‌లో రాయాలని తీర్మానం పెడతాను. దాన్ని సెకండ్ చేయడానికి ఒక్క చెయ్యి లేవాలి. దయచేసి రండి.