బడి పళ్లెంలో జామకాయ ఏది?

మార్చి, ఏప్రిల్ నెలల్లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లోకి వెళ్తే ముందు వాసనే తెలుస్తుంది. చెట్ల కింద పసుపు, ఎరుపు పండ్లు రాలి పులిసిపోతుంటాయి. ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు ఒక్కో పండూ తీసి, పిక్కను మెలితిప్పి బుట్టలో వేసుకుంటారు. పండు అక్కడే పడేస్తారు. పిక్క పలాస జీడి ఫ్యాక్టరీలకు వెళ్తుంది, పండు చీమల పాలవుతుంది. వగరు అని, గొంతు పట్టేస్తుందని మనం వదిలేసే ఆ పండులో, బరువుకు బరువు చూస్తే, నారింజ కన్నా నాలుగైదు రెట్లు విటమిన్ సి ఉంటుంది.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి కారణం స్కర్వీ, అంటే విటమిన్ సి అందక వచ్చే జబ్బు. పాత ఓడల రోగమని పాఠాల్లో చదివి మరచిపోయిన జబ్బు పిల్లల వార్డుల్లో మళ్లీ కనిపిస్తోంది. ఫ్రాన్స్‌లో 2015 నుంచి 2023 వరకు 888 మంది పిల్లలు దీంతో ఆసుపత్రుల్లో చేరారు. కోవిడ్ తర్వాత, సరుకుల ధరలు పెరిగిన రోజుల్లో ఆ సంఖ్య ఇంకా పెరిగింది. మన దేశంలోనూ పిల్లల డాక్టర్లు ఇలాంటి కేసుల గురించి వైద్య పత్రికల్లో రాస్తూనే ఉన్నారు.

ఈ జబ్బు వచ్చిన పిల్ల ఎలా ఉంటుందో తల్లిదండ్రులకు తెలియాలి. నిన్నటిదాకా పరుగెత్తిన పిల్ల కుంటడం మొదలుపెడుతుంది. తర్వాత అసలు కాలు కింద పెట్టనంటుంది. ఎత్తుకుందామని కాళ్లు ముట్టుకుంటే గుక్కపట్టి ఏడుస్తుంది. మోకాళ్లు మడిచి, కప్పలా కాళ్లు పక్కకు వేసి పడుకుంటుంది. చిగుళ్లు ఊదా రంగుకు తిరిగి ఉబ్బుతాయి, బ్రష్ తగిలితే రక్తం వస్తుంది. కాళ్ల మీద వెంట్రుకల మొదళ్లలో చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తాయి. దిష్టి అనుకుని కొన్నాళ్లు, ఎక్కడో పడిందేమోనని కట్టు కట్టించి కొన్నాళ్లు గడిచిపోతాయి. పెద్దాసుపత్రికి వెళ్తే కీళ్లవాతమేమో, బ్లడ్ క్యాన్సరేమో అని ఎముక మూలుగ పరీక్ష దాకా తీసుకెళ్లిన సందర్భాలున్నాయి. ఆ ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో చెప్పక్కర్లేదు. రోగం ఇదేనని తేలితే మందు కొద్దిపాటి రూపాయల మాత్ర. రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గడం మొదలవుతుంది. పిల్ల ఏం తింటోందని మొదటి రోజే అడిగి ఉంటే అంత దూరం వెళ్లే పనే ఉండదు.

ఎక్కువగా ఎవరికి వస్తోందో కూడా గమనించాలి. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది రెండు మూడు వస్తువులు తప్ప ఏమీ ముట్టరు. పెరుగన్నం, బిస్కెట్, పాలు, అంతే. మెదడు పక్షవాతంతో నమల్లేని పిల్లలకు రోజూ ఒకటే జావ తాగిస్తారు. తల్లిపాలు లేక, కాచిన గేదెపాల మీదే పెరిగే పసివాళ్లదీ ఇదే కథ. ఆ తల్లులు కడుపు నింపడానికి పడే పాట్లు పడనివాళ్లకు అర్థం కావు, వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. మన శరీరం విటమిన్ సి తయారు చేసుకోలేదు, ఎక్కువ కాలం దాచుకోనూలేదు. రెండు మూడు నెలలు అందకపోతే చాలు, లక్షణాలు బయటపడతాయి.

మరి బడి పళ్లెం సంగతి? మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది, చిక్కీ ఉంది, రాగిజావ ఉంది. అన్నీ మంచివే, వాటిని తగ్గించమని మేము అనడం లేదు. కానీ గుడ్డులో విటమిన్ సి సున్నా. అన్నంలో లేదు, చిక్కీలో లేదు, మన చోడి (రాగి) అంబలిలోనూ లేదు. కూరలో ఉన్నదైనా పెద్ద గిన్నెల్లో గంటసేపు ఉడికి, వడ్డించేదాకా వేడి మీద ఉండేసరికి చాలావరకు పోతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. చిక్కీ, రాగిజావ ఇచ్చేది రక్తహీనత తగ్గాలని. వాటిలోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే పక్కన విటమిన్ సి ఉండాలి. అంటే ఇప్పటికే పెడుతున్న ఖర్చులో కొంత వృథా అవుతోందన్నమాట.

ఐదేళ్ల పిల్లకు రోజుకు కావలసింది 35 మిల్లీగ్రాములే. జామకాయలో పావు ముక్క ఇచ్చినా సరిపోతుంది. ఒక కాయ నలుగురికి. కార్తీకంలో వనభోజనాలకు ఉసిరిచెట్టు వెతుక్కుంటూ వెళ్తాం, అదే కాయ నెలంతా అంగన్‌వాడీలో ఉండకూడదా? కాయ దొరకని రోజున వడ్డించిన పప్పు మీద నిమ్మకాయ పిండినా కొంత నయం, పొయ్యి మీద ఉండగా మాత్రం కాదు.

1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు 12 మంది స్కర్వీ రోగులను ఇద్దరేసి చొప్పున విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే త్వరగా లేచారు. అయినా బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం ఇవ్వాలని ఆదేశించింది 1795లో. తెలిసిన మందుకు ఆర్డరు రావడానికి 48 ఏళ్లు పట్టింది. ఈలోగా పోయినవాళ్లు పోయారు.

జిల్లా యంత్రాంగాన్ని మేము అడిగేవి పెద్ద పనులు కావు. వారంలో కనీసం మూడు రోజులు బడిలో, అంగన్‌వాడీలో పచ్చి పండు ముక్క ఉండాలి, దాన్ని స్థానిక రైతు దగ్గరే కొనాలి. ప్రత్యేక అవసరాల పిల్లలు వచ్చే భవిత కేంద్రాల్లో ప్రతి నెలా ఒక ప్రశ్న తప్పనిసరి చేయాలి: ఈ నెల బిడ్డ ఏమేం తిన్నాడు? పండు ముట్టని బిడ్డకు డాక్టరు సలహాతో విటమిన్ సి చుక్కల మందు అక్కడే అందాలి.

ఉద్దానం వరకు ఒక హెచ్చరిక. ఇది కిడ్నీ జబ్బుల ప్రాంతం. విటమిన్ సి మాత్రలు పెద్ద మోతాదులో, ఎవరికి వారే కొనుక్కుని మింగొద్దు, మూత్రపిండాలకు హాని జరగొచ్చు. ఇంట్లో పెద్దాయనకు డాక్టరు పండ్లు తగ్గించమన్నాడని పిల్లలకు కూడా మానేయొద్దు, ఆ పథ్యం ఆయనది.

జామ అంటు నాటితే రెండు మూడేళ్లలో కాపుకొస్తుంది. ప్రహరీ ఉన్న ప్రతి బడిలో నాలుగు అంటులకు చోటుంటుంది. ఈ వర్షాలకే నాటించాలి.