‘ఆబ్జెక్ట్ ఉండగా మ్యాప్ ఎందుకు’ అనేవాళ్లకు జవాబు

జావాస్క్రిప్ట్ నేర్చుకునేవాళ్ల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. సారాంశం ఇది: “మ్యాప్ ఇంటర్వ్యూల్లో అడగడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. కీ, వ్యాల్యూ (పేరు, దాని విలువ) జతలు దాచుకోవడానికి మామూలు ఆబ్జెక్ట్ చాలు. రెండూ చేసేది ఒకటే పని, వరస కూడా రెండింట్లోనూ నిలుస్తుంది. పైగా మ్యాప్ నెమ్మది, జేసన్‌గా (డేటాను సర్వర్‌కు పంపే టెక్స్ట్ రూపంగా) మారదు.” చెప్పేవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు, అందుకే కొత్తవాళ్లు సులువుగా నమ్మేస్తున్నారు. ఆ నమ్మకంతో రాసిన కోడ్‌లో ఒకే రకం తప్పులు నాకు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతాను.

“రెండూ చేసేది ఒకటే పని.”

కాదు. ఆబ్జెక్ట్‌లో కీ అంటే స్ట్రింగ్ (అక్షరాల వరస) కావాలి, లేదా సింబల్ అనే ప్రత్యేక విలువ కావాలి. ఇంకేది ఇచ్చినా అది స్ట్రింగ్‌గా మారిపోతుంది. అంకె 1 ఇచ్చినా, కోట్స్‌లో “1” ఇచ్చినా ఒకటే గడి. ఇద్దరు విద్యార్థుల వివరాలున్న రెండు వేర్వేరు ఆబ్జెక్టులను కీలుగా ఇచ్చి మార్కులు దాచితే రెండూ ఒకే స్ట్రింగ్ అయిపోయి, రెండోవాడి మార్కులు మొదటివాడి మార్కులను చెరిపేస్తాయి. ఎర్రర్ రాదు. 2015లో ఈఎస్6 అనే జావాస్క్రిప్ట్ వెర్షన్‌తో వచ్చిన మ్యాప్‌లో ఈ బాధ లేదు. మీరు ఇచ్చిన కీ ఇచ్చినట్టే ఉంటుంది.

ఇంతకంటే పెద్ద తేడా ఇంకొకటి ఉంది. ఖాళీ బ్రాకెట్లతో తయారుచేసిన ఆబ్జెక్ట్ నిజానికి ఖాళీ కాదు. మామూలు ఆబ్జెక్టులన్నిటి వెనకా ఉండే ప్రోటోటైప్ అనే ఉమ్మడి ఆబ్జెక్ట్ నుంచి కన్‌స్ట్రక్టర్, టుస్ట్రింగ్ లాంటి పేర్లు దానికి పుట్టుకతోనే వస్తాయి. ఒక వ్యాసంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రోగ్రాం తీసుకోండి. మాట ముందే ఉంటే ఒకటి కలుపుతాం, లేకపోతే సున్నా నుంచి మొదలుపెడతాం. ఇంగ్లిష్ వ్యాసంలో ‘కన్‌స్ట్రక్టర్’ అనే మాట వచ్చిందంటే ప్రోగ్రాంకు అది ముందే ఉన్నట్టు కనిపిస్తుంది. తీరా అక్కడున్నది ఒక ఫంక్షన్. దానికి ఒకటి కలిపితే లెక్క బదులు ఆ ఫంక్షన్ కోడ్ పక్కన 1 అంటించిన స్ట్రింగ్ వస్తుంది. ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లున్న ‘ప్రోటో’ అనే మాట వస్తే ఇంకా అన్యాయం: లెక్క ఎక్కడా నమోదే కాదు. తెలుగు వ్యాసంతో పరీక్షిస్తే ఈ తప్పు ఎన్నాళ్లయినా బయటపడదు, ఎందుకంటే తెలుగు మాటలేవీ ఆ పేర్లతో ఢీకొనవు.

ఇది లెక్కలతో ఆగే సంగతి కూడా కాదు. బయటివాళ్లు పంపిన పేర్లను నేరుగా ఆబ్జెక్ట్‌లో కీలుగా రాసుకునే అలవాటే, ఆ ఉమ్మడి ప్రోటోటైప్‌ను బయటినుంచి మార్చేసే ప్రోటోటైప్ పొల్యూషన్ అనే దాడికి తలుపు తీస్తుంది. ఎంతోమంది వాడే లోడాష్ లైబ్రరీలో కూడా, డిఫాల్ట్స్‌డీప్ అనే ఫంక్షన్‌లో, 2019లో ఈ జాతి లోపమే బయటపడింది. 4.17.12 వెర్షన్‌లో సరిచేశారు.

“ఆబ్జెక్ట్ డాట్ క్రియేట్‌కు నల్ ఇచ్చి, ప్రోటోటైప్ లేని ఆబ్జెక్ట్ తయారుచేసుకుంటే సరిపోతుంది కదా” అంటారు. ప్రోటోటైప్ గొడవ వరకు సరిపోతుంది, ఒప్పుకుంటాను. కీలు స్ట్రింగులు కావడం మాత్రం అలాగే ఉంటుంది. గమనించండి, జాబితాను గుంపులుగా విడదీయడానికి జావాస్క్రిప్ట్ 2024 ప్రమాణంలో వచ్చిన ఆబ్జెక్ట్ డాట్ గ్రూప్‌బై తిరిగి ఇచ్చేది ప్రోటోటైప్ లేని ఆబ్జెక్ట్‌నే. దాని పక్కనే మ్యాప్ డాట్ గ్రూప్‌బై కూడా ఇచ్చారు. మామూలు ఆబ్జెక్ట్ ఈ పనికి క్షేమం కాదని భాషను తీర్చేవాళ్లకే తెలుసు.

“వరస రెండింట్లోనూ నిలుస్తుంది.”

ఈ మాట నన్ను ఒక రోజంతా తిప్పలు పెట్టింది. సరుకుల బండి ఏ ఊరి తర్వాత ఏ ఊరికి వెళ్లాలో పిన్‌కోడ్ కీగా పెట్టి ఆబ్జెక్ట్‌లో దాచాను. విశాఖ 530001, తర్వాత విజయవాడ 520001, చివర హైదరాబాద్ 500001. లూప్ తిప్పితే హైదరాబాద్ ముందు వచ్చింది. కారణం నిబంధనల్లోనే ఉంది: పూర్ణాంకంలా కనిపించే కీలను ఆబ్జెక్ట్ చిన్నది మొదలు పెద్దది వరకు పేర్చి ముందు ఇస్తుంది, మిగతా స్ట్రింగులను చేర్చిన వరసలో ఆ తర్వాత ఇస్తుంది. దీనికీ ఒక హద్దుంది, 4294967294. మన పదంకెల మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలవుతాయి కాబట్టి ఆ హద్దు దాటిపోయి, చేర్చిన వరసలోనే నిలుస్తాయి. అంటే ఫోన్ నంబర్లతో పరీక్షించి “బాగానే ఉంది” అనుకున్న కోడ్ పిన్‌కోడ్‌లు ఇవ్వగానే తారుమారవుతుంది. మ్యాప్‌లో ఏ కీ అయినా చేర్చిన వరసే.

“మ్యాప్ నెమ్మది.”

ఇందులో సగం నిజముంది. పేరు, వయసు, ఊరు లాంటి మారని గడులున్న ఆబ్జెక్ట్‌ను క్రోమ్‌లోని వీ8 లాంటి ఇంజిన్ దాని ఆకారంతో సహా గుర్తుపెట్టుకుని చాలా వేగంగా చదువుతుంది. అక్కడ ఆబ్జెక్టే వాడాలి. అది దరఖాస్తు ఫారం లాంటిది, గడులు ముందే అచ్చయి ఉంటాయి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం వేరు, ఎవరొస్తే వాళ్ల పేరు మీద కొత్త పేజీ తెరుస్తారు, బాకీ తీరితే కొట్టేస్తారు. ఇలా కీలు చేరుతూ పోతూ ఉంటే ఆబ్జెక్ట్ ఆకారం మీద ఆధారపడిన ఆ వేగం పోతుంది. మ్యాప్‌ను తయారుచేసిందే ఈ పనికి. ఎన్ని జతలున్నాయో కావాలంటే సైజ్ వెంటనే చెబుతుంది, ఆబ్జెక్ట్‌లోనైతే కీలన్నిటితో ఒక జాబితా చేసి లెక్కపెట్టాలి.

“జేసన్‌గా మారదు.”

నిజమే, నేరుగా ఇస్తే ఖాళీ బ్రాకెట్లు వస్తాయి. పరిష్కారం ఒక్క లైను. కీలు స్ట్రింగులైతే 2019లో వచ్చిన ఆబ్జెక్ట్ డాట్ ఫ్రమ్ఎంట్రీస్ వాడండి, కాకపోతే జతల అర్రేగా మార్చి పంపండి. ఆ అర్రేను తిరిగి న్యూ మ్యాప్‌కు ఇస్తే మళ్లీ మ్యాప్ తయారు. సర్వర్‌కు పంపేచోట మాత్రమే అవసరమయ్యే ఈ ఒక్క లైను కోసం లోపలి కోడంతా ఆబ్జెక్ట్‌తో రాయడం తగదు.

మ్యాప్‌తో నిజంగా జాగ్రత్త పడాల్సినవి ఈ సలహాలో లేనే లేవు. ఒకటి, అర్రేను కీగా పెడితే అచ్చం అలాంటిదే ఇంకో అర్రే ఇచ్చి వెతికినా దొరకదు, అదే అర్రే కావాలి. రెండోది కొత్తవాళ్లను ఎక్కువగా పట్టుకునేది: ఆబ్జెక్ట్ అలవాటుతో మ్యాప్‌కు చదరపు బ్రాకెట్లతో విలువ రాయడం. రాసింది చదవడానికి దొరుకుతుంది కాబట్టి పని అయిందనిపిస్తుంది, కానీ అది మ్యాప్ లోపలికి వెళ్లలేదు. సైజ్ సున్నా, కీ ఉందా అని హ్యాజ్‌తో అడిగితే ఫాల్స్, లూప్ తిప్పితే ఏమీ రాదు. “మ్యాప్ పనిచేయట్లేదు” అని ఎవరైనా మీ దగ్గరికొస్తే ముందు ఆ బ్రాకెట్లు తీసి రాయడానికి సెట్, చదవడానికి గెట్ పెట్టించండి.