మనుషులు లేని సెరెంగెటి ఎన్నడూ లేదు

ఏటా జూలై నుంచి అక్టోబరు దాకా తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి గడ్డిమైదానాల్లో మారా నదిని దాటే వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకల మందల వీడియోలు మన ఫోన్లలోకి వచ్చి పడుతుంటాయి. ఇటీవలి కాలంలో తెలుగు యాత్రికులు అక్కడికి వెళ్లి స్వయంగా తీసినవి కూడా వాటిలో కనిపిస్తున్నాయి. నీళ్లలో మొసళ్లు, గట్టున సింహాలు, దుమ్ము రేపుతూ పరుగెత్తే లక్షల గిట్టలు ముందు వస్తాయి. చివరన ఎర్ర దుప్పట్లు కప్పుకొని, చేత కర్రలు పట్టుకొని, నిలుచున్న చోటనే పైకి ఎగిరే యువకులు వస్తారు; వారు పశువులు మేపుకొని బతికే మసాయి తెగవారు. ఆ పచ్చికబయళ్లు ఆదినుంచీ జంతువులవే అనీ, మసాయిలు వాటి అంచున నిలబడి వచ్చినవారికి ఆటపాటలు చూపేవారనీ ఈ వరుస చూసేవారికి తెలియకుండానే ఒక నమ్మకం కలిగిస్తుంది. ఆ నమ్మకం తప్పు. అది పర్యాటకుల మనసులోనే ఉండిపోతే పెద్ద నష్టం ఉండేది కాదు. కానీ టాంజానియాలో అది వలస పాలన నాటి నుంచి ప్రభుత్వ విధానంగా నడుస్తూ, వేల కుటుంబాలను తరతరాల నేల నుంచి కదిలించింది.

సెరెంగెటి అన్న పేరే మసాయిలు మాట్లాడే ‘మా’ అనే భాషలోని సిరింగెట్ అనే మాట నుంచి వచ్చింది. ఎంత నడిచినా తరగని మైదానం అని దానికి అర్థం చెబుతారు. మసాయిలు ఈ ప్రాంతానికి ఉత్తరం నుంచి వచ్చి కొన్ని శతాబ్దాలే అయింది. అయితే వారికి ముందు దతోగా వంటి పశుపోషక జాతులు ఇక్కడ మందలు మేపాయి. దక్షిణ కెన్యా, ఉత్తర టాంజానియా గడ్డి నేలల్లో పశువుల కాపరుల ఉనికి మూడు వేల ఏళ్లకు పైబడినది. ఇంత కాలం మందలూ వన్యమృగాలూ ఒకే గడ్డి మీద బతికిన చోటును మనిషి అడుగు పడని అడవిగా వర్ణించడం చరిత్రకు నిలవదు.

మసాయిల నిత్యజీవితాన్ని కాస్త దగ్గరగా చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. వారి నివాసాన్ని ఎన్‌కాంగ్ అంటారు. చుట్టూ తుమ్మజాతి చెట్ల ముళ్లకంపతో వలయంగా కంచె, దాని లోపలి అంచు వెంట ఇళ్లు, నడుమ రాత్రిపూట పశువులను తోలే దొడ్డి ఉంటాయి. ఇల్లు కట్టేది ఆడవాళ్లే. కర్రలు పాతి, సన్నని కొమ్మలతో తడిక అల్లి, మట్టిలో పేడ కలిపి అలుకుతారు. వాన వచ్చి పైపూత కరిగితే మళ్లీ అలికేదీ వారే. తెల్లవారుజామున పాలు పితికేదీ వారే. ఆ పాలు పోసే సొరబుర్రను శుభ్రం చేసే పద్ధతి చూడదగినది. అడవి ఆలివ్ చెట్టు కర్ర కొనను నిప్పు చేసి, ఎర్రగా రాజుతున్న ఆ కొనను బుర్రలోకి దించి, లోపలి గోడలన్నిటికీ తగిలేలా తిప్పుతారు. పొగ పట్టి, సన్నని మసి అంటుకున్న ఆ బుర్రలో పాలు త్వరగా చెడిపోవు, పైగా వాటికి ఒక ప్రత్యేకమైన వాసన వస్తుంది. పిడకల దాలిలో కాగిన పాల రుచి ఎరిగిన తెలుగువారికి దాని గురించి వేరే చెప్పనక్కరలేదు.

లోకంలోని పశువులన్నిటినీ ఎన్‌కాయ్ అనే దైవం తమకే అప్పగించాడని మసాయిల విశ్వాసం. పశువు వారికి పాలు, కన్యాశుల్కం, తగవు తీర్చుకునే పరిహారం, బంధుత్వానికి సాక్ష్యం. చర్మం మీది రంగులకూ మచ్చలకూ వారి భాషలో ఉన్నన్ని పేర్లు మన రైతుల నోట కూడా వినిపించవేమో. వన్యప్రాణుల విషయంలో దీని ఫలితం చాలా పెద్దది. సొంత పశువుల పాలు, మాంసం ఉన్నంత కాలం అడవి జంతువు మాంసం తినడం మసాయిల సంప్రదాయంలో గౌరవం కాదు. పశువుకు దగ్గరి చుట్టాలుగా భావించే ఎలాండ్ జింక, అడవి దున్న మాత్రం దీనికి మినహాయింపు. అవి కూడా మందలు నశించిన కరువు రోజుల్లో ఆదుకునే ఆహారం. పక్కనే జీబ్రాలు, జింకలు మేస్తున్నా వేటాడని సమాజం శతాబ్దాలుగా అక్కడ ఉన్నందువల్లే ఆ మందలు ఆ సంఖ్యలో మిగిలాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇక నేల సంగతి. ఎన్‌కాంగ్ శాశ్వతం కాదు. కొన్నేళ్లకు దాన్ని వదిలి మరో చోట కట్టుకుంటారు. అన్నేళ్లు రాత్రులన్నీ మంద పడుకున్న దొడ్డిలో పేడ, మూత్రం పొరలుగా పేరుకుపోతాయి. గొర్రెల మందను పొలంలో నిలిపించుకోవడానికి కాపరికి గింజలో డబ్బులో ఇచ్చే రాయలసీమ, తెలంగాణ రైతులకు ఆ ఎరువు విలువ ఏమిటో తెలుసు. సవన్నా గడ్డి నేలల్లో జరిగేదీ అదే. వదిలేసిన దొడ్డి ఉన్న చోట చెట్లు తక్కువగా, గడ్డి మెత్తగా, పోషకాలతో పెరుగుతుంది. పాలిచ్చే జింకలు, వైల్డ్‌బీస్ట్‌లు వెతుక్కుంటూ అక్కడికే వస్తాయి. గడ్డి పొట్టిగా ఉండడం వల్ల పొంచి ఉన్న సింహం కూడా వాటికి దూరం నుంచే కనిపిస్తుంది. నైరుతి కెన్యాలోని ప్రాచీన కాపరుల దొడ్ల నేలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2018లో నేచర్ పత్రికలో తమ ఫలితాలు ప్రచురించారు. మూడు వేల ఏళ్ల నాటి పేడ సారం ఆ మట్టిలో ఇంకా మిగిలి ఉందనీ, చుట్టుపక్కల నేలకన్నా ఆ చోట్లు నేటికీ సారవంతంగా ఉన్నాయనీ అందులో తేలింది. పర్యాటకుడు సహజమైన గడ్డిమైదానం అనుకొని ఫొటో తీసుకునే చోటు ఒకనాడు ఎవరి మందో పడుకున్న దొడ్డి అయి ఉండవచ్చు.

కాపరులకూ అడవి మందలకూ మధ్య ఉన్న ఎడం కూడా తెలివితో కూడినదే. జనవరి చివరి నుంచి మార్చి దాకా లక్షల వైల్డ్‌బీస్ట్‌లు టాంజానియాలో పెద్ద అగ్నిపర్వత బిలం ఉన్న ఎన్‌గొరొంగొరో పక్కనున్న పొట్టిగడ్డి మైదానాలకు వచ్చి ఈనుతాయి. ఏడాది మొత్తంలో గడ్డి అత్యంత బలంగా ఉండేది అప్పుడే. అయినా మసాయి కాపరి ఆ రోజుల్లో తన మందను అక్కడికి తోలడు. అప్పుడే పుట్టిన వైల్డ్‌బీస్ట్ దూడల నుంచి పశువులకు ఒక ప్రాణాంతకమైన జ్వరం సోకుతుందని ఆయన తాతముత్తాతలకు తెలుసు. ఆ వ్యాధికి కారణమైన వైరస్‌ను ఆధునిక పశువైద్యం తర్వాత గుర్తించింది. మంచి మేతను అడవి మందలకు వదిలి, తన పశువులను మెట్టకు తోలుకుపోయే ఈ కాలక్రమాన్ని ఏ అటవీ చట్టమూ ఆయనకు నేర్పలేదు.

అయితే మనుషులు లేని సెరెంగెటి అన్న ఊహ ఎక్కడిది? నా అభిప్రాయంలో దాని మూలం ఒక మహావిపత్తులో ఉంది. 1880ల చివర్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల వైరస్ వ్యాధి బయటి నుంచి తెచ్చిన పశువులతో ఈశాన్య ఆఫ్రికాలో అడుగుపెట్టి, దశాబ్దం తిరిగేలోపు ఖండం దక్షిణపు కొసను తాకింది. అది సోకిన చోట్ల మందల్లో నూటికి ఎనభై తొంభై వంతులు చనిపోయాయని చరిత్రకారుల లెక్క. పాడి పోయిన చోట కరువు, దాని వెంటే మశూచి వచ్చాయి. ఆ కాలాన్ని మసాయిలు ఎముటాయ్ అంటారు, అంటే సర్వనాశనం. 1892లో ఎన్‌గొరొంగొరో ప్రాంతానికి వచ్చిన ఆస్ట్రియా అన్వేషకుడు ఆస్కార్ బౌమన్ ఎముకల గూళ్లలా మారిన మనుషులను చూశానని రాసి, మసాయిల్లో మూడింట రెండు వంతుల మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. యూరోపియన్ పాలకులు, వేటగాళ్లు ఆ తర్వాత వచ్చి చూసిన నిర్జన మైదానం ప్రకృతి సహజ స్థితి కాదు, అది శవాలు తొలగిన ఇల్లు. దాన్నే వారు ఆదిమ ఆఫ్రికా అనుకున్నారు.

ఆ వ్యాధి అంతమైన తీరు కూడా ఇదే కథకు రెండో సగం. 1950ల చివరి నుంచి సెరెంగెటి చుట్టూ ఉన్న పల్లెల్లో పశువులకు టీకాలు వేశారు. అడవిలో ఒక్క వైల్డ్‌బీస్ట్‌కు కూడా సూది వేయలేదు. పశువుల నుంచి సోకడం ఆగిపోగానే అడవి మందల్లోనూ వ్యాధి కనుమరుగైంది. 1960ల తొలినాళ్లలో రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్ట్‌ల సంఖ్య 1970ల చివరికి దాదాపు 13 లక్షలకు చేరింది. అన్ని నోళ్లు గడ్డిని మేయడంతో ఎండాకాలపు కార్చిచ్చులు తగ్గాయి; మంటలు తగ్గడంతో చెట్లు తిరిగి పెరిగాయి. నేడు మనం అబ్బురపడి చూస్తున్న ఆ మహావలస ఇంత పెద్దది కావడానికి కాపరి తన ఆవును టీకా కోసం తోలుకు రావడం ఒక ముఖ్య కారణం. 2011లో ప్రపంచం నుంచే రిండర్‌పెస్ట్ నిర్మూలన అయిందని ప్రకటించారు.

సరిగ్గా ఆ టీకాల కాలంలోనే మసాయిలను సెరెంగెటి నుంచి బయటికి పంపించారు. జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు బెర్న్‌హార్డ్ గ్రిజిమెక్ వంటి ప్రముఖులు జాతీయ పార్కులో స్థానికులతో సహా ఏ మనిషీ ఉండరాదని వాదించారు. 1958లో మసాయి పెద్దలు సెరెంగెటిపై తమ హక్కులు వదులుకుంటున్నట్టు బ్రిటిష్ పాలకులు ఒప్పందం రాయించుకున్నారు. ప్రతిగా 1959లో ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంతో ఎన్‌గొరొంగొరో సంరక్షణ ప్రాంతం ఏర్పడింది. అక్కడ జంతువుల అవసరానికీ మనుషుల అవసరానికీ పొత్తు కుదరనప్పుడు మనుషులదే పైచేయి అవుతుందని నాటి గవర్నరు మసాయి సభలో మాట ఇచ్చారు. 1974లో అక్కడి అగ్నిపర్వత బిలం అడుగున ఉన్న కుటుంబాలను ఖాళీ చేయించారు. 1975లో సాగును నిషేధించారు, 1992లో సడలించారు, 2009లో మళ్లీ నిషేధించారు. 2022 జూన్‌లో పక్కనున్న లొలియొండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేతభూమికి హద్దురాళ్లు పాతే సమయంలో ఘర్షణ జరిగి ఒక పోలీసు మరణించారు, పలువురు మసాయిలు గాయపడ్డారు, చాలామంది సరిహద్దు దాటి కెన్యాకు వెళ్లిపోయారు. ఎన్‌గొరొంగొరో వాసులను వందల కిలోమీటర్ల దూరంలోని మ్సొమెరా గ్రామానికి తరలించే కార్యక్రమం కూడా ఆ ఏడాదే మొదలైంది. అది స్వచ్ఛందమని ప్రభుత్వం అంటుంది. ఆసుపత్రులు, బడులకు నిధులు తగ్గించి తమను పొమ్మనకుండా పొగబెడుతున్నారని వాసులు అంటున్నారు. 2024 ఆగస్టులో తమ గ్రామాల గుర్తింపును రద్దు చేయడంపై వేలమంది రోడ్డెక్కి సఫారీ వాహనాలను నిలిపివేశాకే ఆ నిర్ణయం విషయంలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ప్రభుత్వం చెప్పే కారణాల్లో పస లేదని నేను అనను. 1959లో ఎనిమిది వేల చిల్లర ఉన్న ఎన్‌గొరొంగొరో జనాభా ఇప్పుడు లక్షకు చేరువైంది. జనం పెరిగిన కొద్దీ తలసరి పశువులు తగ్గి, పాల మీదే బతికిన కుటుంబాలు మొక్కజొన్న కొనుక్కోవలసి వస్తోంది. అడ్డూఆపూ లేని సాగు, ఇష్టం వచ్చినట్టు కట్టడాలు ఆ నేలకు హాని చేస్తాయి. కానీ సమస్య ఉందన్న మాట నిజమైనంత మాత్రాన దాని భారమంతా కాపరి నెత్తినే వేయడం న్యాయం కాదు. అదే నేలపై విలాసవంతమైన లాడ్జీలకు చోటు, రోజంతా తిరిగే వాహనాలకు అనుమతి ఉన్నప్పుడు, దొడ్డి మాత్రమే అడవికి చేటు ఎలా అవుతుంది? సెరెంగెటిని వదులుకున్నందుకు బదులుగా ఇచ్చిన నేలను కూడా అడిగేటప్పుడు మొదటి మాట ఏమైందో ప్రభుత్వం ముందు చెప్పాలి.

వేరే దారి ఉందని సరిహద్దుకు ఆవల కెన్యా చూపింది. అంబొసెలి ప్రాంతంలో 2007లో మొదలైన లయన్ గార్డియన్స్ కార్యక్రమం మసాయి యువకులను, వారిలో ఒకప్పుడు సింహాలను వేటాడినవారిని కూడా, సింహాల కాపలాదారులుగా నియమించింది. వారు అడుగుజాడలు పట్టి, ఒక్కో సింహానికి తమ భాషలో పేరు పెట్టి, అది ఏ దొడ్డి వైపు వస్తోందో ముందుగా కబురు చేస్తారు, తప్పిపోయిన పశువులను వెతికి తెస్తారు. సింహాన్ని చంపి తెచ్చుకున్న పరువును సింహాన్ని కాపాడి తెచ్చుకునేలా చేయడం బయటివారి ఉపదేశంతో జరిగేది కాదు. మారా చుట్టూ భూమి యజమానులైన మసాయి కుటుంబాలు తమ నేలను సంరక్షణ క్షేత్రాలుగా కలిపి, పర్యాటక సంస్థల నుంచి నెలనెలా కౌలు పొందుతున్నాయి. ఇందులో లోపాలు లేకపోలేదు. భూమి ముక్కలై పట్టాలయ్యాక తీగ కంచెలు పెరిగి, జంతువుల దారులు మూసుకుపోతున్నాయి, కౌలు సొమ్ము పంపకంలో ఆడవాళ్లకు చోటు తక్కువ. అయినా అక్కడ కాపరి చర్చలో కూర్చున్న పక్షం, తరలింపు జాబితాలోని అంకె కాదు.

ఈ వాదన మనకు కొత్తది కాకూడదు. నల్లమలలో తేనె దించే చెంచులు పులుల అభయారణ్యం హద్దులు గీయక ముందు నుంచీ అక్కడివారే. వారిలో కొందరిని అటవీ శాఖే కాపలాదారులుగా పెట్టుకుని పులి జాడలు తీయించుకుంటోంది, ఇంకొక వైపు అమ్రాబాద్ లోతట్టు అడవిలోని పెంటలనే చెంచు గూడేల నుంచి వారిని మైదానాలకు రప్పించే ప్రతిపాదనలూ సాగుతున్నాయి. అడవి తెలిసినవాడి కళ్లు కావాలి గానీ అతని గుడిసె వద్దనే ధోరణి రెండు చోట్లా ఒకటే.

మ్సొమెరాకు వెళ్లిన కుటుంబానికి ఇల్లు, కొంత భూమి దక్కుతాయి. అంతకుముందే అక్కడ ఉన్నవారు ఆ భూమి తమదంటున్నారు. ఫిబ్రవరి వచ్చినప్పుడు ఏ మైదానం వదిలి ఏ మెట్టకు మందను తోలాలో చెప్పే జ్ఞానం అక్కడ ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే ఆ మైదానమూ ఆ మెట్టా వందల కిలోమీటర్ల వెనకే ఉండిపోయాయి.