హెచ్-ఇండెక్స్ చూసి డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలా?

కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: "గాయత్రి ఎస్టేట్‌లో ఏ డాక్టర్‌కి చూపించుకోవాలన్నా ముందు గూగుల్ స్కాలర్‌లో పేరు కొట్టండి. స్టాన్‌ఫోర్డ్ టాప్ 2 శాతం అవార్డు ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. సైటేషన్లు వేలల్లో ఉంటే ఆయన పరిశోధన నిజమైనట్టే. హెచ్-ఇండెక్స్ 20 దాటనివాళ్లు పరిశోధకులే కాదు." గూగుల్ స్కాలర్ అంటే పరిశోధన పేపర్లు వెతికే సైట్. ఒక పేపర్‌ను ఇంకో పేపర్ ప్రస్తావిస్తే అదొక సైటేషన్. పేపర్ల సంఖ్యనూ వాటి సైటేషన్లనూ కలిపి లెక్కగట్టే అంకె హెచ్-ఇండెక్స్. పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. లెక్కే తప్పు.

ముందు ఆ అవార్డు సంగతి. అసలది అవార్డే కాదు. స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ జాన్ ఐయోనిడిస్ బృందం స్కోపస్ డేటాబేస్‌లోని సైటేషన్ల ఆధారంగా 2019 నుంచి విడుదల చేస్తున్న జాబితా. యూనివర్సిటీ ఎవరినీ పిలిచి శాలువా కప్పదు. అందులో లక్షకు పైగా పేర్లుంటాయి. పైగా మొత్తం కెరీర్‌కు ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి అని రెండు జాబితాలు. మన ఫ్లెక్సీల మీద మాత్రం అది ఏ జాబితానో రాయరు. అందులో చోటు దక్కడం చిన్న విషయమని నేననను, కానీ దాన్ని చూసి చికిత్స బాగుంటుందని అనుకోవడానికి లేదు.

వేల సైటేషన్లుంటే నిజమేనా? బ్రిటిష్ డాక్టర్ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల గురించి ఒక పేపర్ రాశాడు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టింది ఆ పేపరే. 2010లో లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకుంది, బ్రిటన్‌లో అతని డాక్టర్ రిజిస్ట్రేషనూ పోయింది. ఆ పేపర్‌కు వెయ్యికి పైగా సైటేషన్లున్నాయి. వాటిలో ఎక్కువ భాగం అది తప్పని చెప్పడానికి చేసినవే! మెచ్చుకున్నా తిట్టినా కౌంటర్‌లో పడేది ఒకటే.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు పది ఉంటే అది 10. ఒకాయన ఐదే పేపర్లు రాశాడనుకోండి, ఒక్కోదానికి వెయ్యి సైటేషన్లు వచ్చినా ఆయన హెచ్-ఇండెక్స్ 5 దాటదు. ఇంకొకాయన 20 పేపర్లు రాసి ఒక్కోదానికి 20 తెచ్చుకుంటే ఆయనది 20. ప్రపంచంలో జబ్బుల భారాన్ని లెక్కగట్టే, వందలమంది రచయితలుండే 'గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్' లాంటి పేపర్లలో చిట్టచివరి పేరుకూ మొత్తం సైటేషన్లూ జమవుతాయి. అనంతపురం ఫ్లోరైడ్ నీళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు అంతమంది పాఠకులు ఎక్కణ్ణుంచి వస్తారు?

మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావునే తీసుకోండి. ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం కొలిచే పద్ధతికి వేల సైటేషన్లున్నాయి. లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందుతో పిల్లల లుకేమియా (రక్త క్యాన్సర్) తాత్కాలికంగానైనా తగ్గుతుందని 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ చూపించాడు. ఆ చరిత్రాత్మక పేపర్ రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. అమినోప్టెరిన్‌కు తమ్ముడులాంటి మెథోట్రెక్సేట్ మాత్రను ఈరోజుకీ మన ఊళ్లలో కీళ్లవాతం ఉన్నవాళ్లు వారానికోసారి వేసుకుంటున్నారు. ఆ మాత్ర ఏ సైటేషన్ లెక్కలోకీ రాదు.

హెచ్-ఇండెక్స్ ఎక్కువుంటే వైద్యం బాగా చేస్తారన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. కర్నూలు మెడికల్ కాలేజీ 1957లో మొదలైంది, గూగుల్ స్కాలర్ 2004లో వచ్చింది. ఈ రెండింటి మధ్యకాలంలో పెద్దాసుపత్రిలో ఆపరేషన్లు చేసి రిటైరైనవాళ్లలో స్కాలర్ ప్రొఫైల్ ఎంతమందికి ఉంటుంది?

అసలు పేరు కొట్టగానే వచ్చే అంకె ఆ డాక్టర్‌దేనా అన్నది ఇంకో తలనొప్పి. మన సీమలో రెడ్లకు కొదవా? పేపర్ల మీద ఇంటిపేరు పోయి 'రెడ్డి కె', 'రెడ్డి ఎస్' మిగులుతాయి. ఈ గందరగోళం పోవాలనే 2012లో ఆర్కిడ్ పేరుతో ఒక్కో పరిశోధకుడికి 16 అంకెల నంబర్ మొదలుపెట్టారు, అది అందరూ వాడరు. స్కాలర్ ప్రొఫైల్ ఎవరికి వారే తెరుచుకోవచ్చు, పేరు కలిసిన పేపర్లను మెషీనే తెచ్చి కలిపేస్తుంది. కాబట్టి అంకె చూసి ఆగకుండా కిందికి జరిపి పేపర్ల పేర్లు చదవండి. కంటి శుక్లాలు, మోకాలి మార్పిడి, సోలార్ ఇన్వర్టర్ ఒకే ప్రొఫైల్లో కనిపిస్తే, అక్కడ కనీసం ముగ్గురు రెడ్లున్నట్టు.