టీ కొట్టు మీద వంతెన, 72 శాతం పూర్తి

కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా ముగించాడు. పాపం, డాష్‌బోర్డు లేదు. ఎంత శాతమైందో తెలియకుండానే కట్టేశాడు.

మనకా కర్మ లేదు. ఆరు మీటర్ల కాలువ వంతెనకూ ఒక యాప్ ఉంది. రోజూ పని ఫొటో పెట్టాలి. గట్టు మీద సిగ్నల్ ఉండదు, సెంటర్లో టీ కొట్టు దగ్గర ఉంటుంది. ఫొటో తీసిన చోటు కాదు, పంపిన చోటు రాసుకునే యాప్ అది. అందుకని మ్యాపులో వంతెన టీ కొట్టు మీద వెలిసింది. పునాది పొయ్యి కింద, వింగ్ వాల్స్, అదే పక్క రెక్క గోడలు, బెంచీ దగ్గర్నుంచి బజ్జీల మూకుడు దాకా. తనిఖీకొచ్చినాయన మ్యాపు పట్టుకుని అక్కడే దిగి, టీ తాగి, బెంచీ ఓసారి ఊపి చూసి 'గట్టిగానే ఉంది' అని టిక్కు పెట్టుకుపోయినా నిబంధనల ప్రకారం తప్పు లేదు.

శాతం లెక్క మరీ ముచ్చట. జరిగిన పని విలువను పెట్టిన ఖర్చుతో భాగించాలి, 1 కన్నా తగ్గితే డబ్బు ఎక్కువ కరుగుతోందని అర్థం. మంచి సూత్రమే. మనవాళ్లు పని శాతాన్నే బిల్లులు చూసి వేస్తారు. ఇనుము గట్టు మీద తుప్పు పడుతున్నా అదీ పనే. ఖర్చును ఖర్చుతో భాగిస్తే ఎప్పుడు చూసినా 1.00. పచ్చ రంగు.

అసలు సంగతికొద్దాం. దాళ్వా అయ్యాక కాలువకు నీళ్లు కట్టేస్తారు. అడ్డుకట్ట వేసి, ఊట తోడి, పునాది తీసి, గోడలు లేపి, స్లాబు పోయాలి. నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింద ఊతం కర్రలు మామూలు సిమెంటుకు 14 రోజులైనా కదపకూడదంటుంది కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456. ఆ కర్రలు నిలిచేది కాలువ అడుగునే. జూన్ 1న నీళ్లు వదులుతారంటే మే 17కి కాంక్రీటు పడి తీరాలి. సెంట్రింగ్ ముఠా ఖాళీ లేక స్లాబు మే 20కి జరిగిందనుకోండి. 'ఆలస్యం: 3 రోజులు' అని డాష్‌బోర్డు పసుపు రంగు చూపిస్తుంది. మూడు రోజులట! నీళ్లొచ్చాక కర్రలు ఎక్కడ నిలబెడతారు, చేపల నెత్తినా? అది ఏడాది ఆలస్యం.

నీళ్లు వదిలే తేదీని దాటరాని గడువుగా ఒక్క గడిలో పెట్టి వెనక్కి లెక్కేసుకుంటే ఏప్రిల్‌లోనే తెలిసేది. నాలుగు రోజులు రెండో ముఠాను దింపితే సరిపోయేది. ఆ అదనపు కూలి 'బడ్జెట్లో లేదు'. మరి సార్వా ధాన్యం చుట్టు తిరిగి మిల్లుకు పోయే లారీ బాడుగ ఎవరి బడ్జెట్లో ఉందయ్యా? రైతు జేబులోంచి పోతే ఖర్చు కాదా? వానలో పుస్తకాల సంచీతో తాటిపట్టె మీద కాలువ దాటే పిల్లది మీ యాప్‌లో ఏ రంగు? ఆ పిల్ల కాలు జారితే ఏ గడి ఎర్రబడుతుంది? ఏదీ ఎర్రబడదు. ఆ గడి మీరు పెట్టలేదు.

అంతమాత్రాన వంతెన ఆగిపోయిందనుకునేరు. పోయిన వారం 72 శాతం. నిన్న ఇంకో లోడు సిమెంటు దిగింది, వానకు బస్తాల్లోనే గడ్డకడుతోంది. ఈ వారం 75.