మహారాజశ్రీ వార్షిక చందా గారికి

మహారాజశ్రీ సాఫ్ట్‌వేర్ వార్షిక చందా గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం ప్రత్యేకంగా అడగనక్కర్లేదు, ఏటా ఒకే తేదీన మా బ్యాంకు ఖాతా చెబుతూనే ఉంది.

తమరు మా ఇంట అడుగుపెట్టిన రోజు ఎంత మర్యాదగా ఉన్నారో తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చారు, మొదటి ఏడాది ఉచితమన్నారు, కార్డు నంబరు మాత్రం ఊరికే ఉండనివ్వమన్నారు. పూర్వం మీ పెద్దలు అట్టపెట్టెలో సీడీగా వచ్చేవారు. ఒకసారి డబ్బు కడితే సరి, పాతబడ్డా ఇంట్లో పడి ఉండేవారు. 2013లో అడోబీ సంస్థ తన కొత్త వెర్షన్లు ఇక చందా మీదే తప్ప విడిగా అమ్మబోమని చెప్పింది. ఆ తరువాత తమ వంశం మూడు పువ్వులు ఆరు కాయలైంది. అల్లుడిని దశమగ్రహం అన్నారు మనవాళ్ళు. ఆ అల్లుడైనా నాలుగు సంక్రాంతుల తరువాత కొత్త బట్టలు పెడుతుంటే వద్దులెండి అని మొహమాటపడతాడు. తమరికి ఆ రోగం లేదు.

అసలు గొడవ మా మామగారి దగ్గర మొదలైంది. ఆయన రిటైరైన తెలుగు పండితులు. ఊళ్ళో చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఇంటిపేరు వాళ్ళు ఎక్కడి నుంచి వలస వచ్చారు అనే సంగతులన్నీ టైపు చేసి పెట్టుకుంటున్నారు. ఒకరోజు పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని ఫైలు తెరిస్తే పైన ఒక పట్టీ: గడువు ముగిసింది. ఆయన రాసిందంతా కళ్ళ ముందే ఉంది. కిందికీ పైకీ జరుగుతోంది. ఒక్క అక్షరం కొత్తగా పడదు. కీబోర్డు పాడైందేమోనని తలకిందులు చేసి తట్టారు. రెండు మరమరాలు, ఒక కుంకుడు పొట్టు రాలాయి. అక్షరం మాత్రం పడలేదు. "రాసింది నేను, కరెంటు బిల్లు నాది, ఇక దిద్దుకోవడానికి ఎవరి అనుమతమ్మా?" అని నన్ను అడిగారు. ఆ ప్రశ్నే తమకు బదిలీ చేస్తున్నాను. ఇన్నాళ్ళూ పనిముట్టును అద్దెకిస్తున్నారనుకున్నాం. మా రాతనే మాకు అద్దెకిస్తున్నారని ఆ పొద్దున తెలిసింది.

తమరికి ఒక సవతి తమ్ముడున్నాడు కదా, క్రాక్ అని, డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టి వాడుకునే దొంగ నకలు. కంప్యూటర్ బాగుచేసే కుర్రాడు వాణ్ణి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వచ్చాడు. "అందరూ వేసుకునేదే మాస్టారూ, రెండు వందలివ్వండి చాలు" అన్నాడు. మామగారు సరే అనేవారేమో. ఆ కుర్రాడే ముందు యాంటీవైరస్ ఆపాలన్నాడు. "పోలీసును ఇంటికి పంపించి చేసే పని మంచిపని ఎలా అవుతుందిరా?" అని మామగారు పెన్‌డ్రైవ్‌ను, మజ్జిగ గ్లాసును ఒకేసారి వాడి చేతిలో పెట్టారు.

చివరకు డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ దించి పెట్టింది. మామగారి ఫైలు తెరుచుకుంది, అక్షరం పడింది, చెరువు కథ ముందుకు సాగింది. అంతే, ఇందులో చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

చెప్పుకోవాల్సింది మా అత్తగారి అనుమానం గురించి. ఆవిడకు ఉచితం అంటే ఒళ్ళు మంట. "ఊరికే ఎవరిస్తారే? చీర కొంటే జాకెట్టు గుడ్డ ఉచితమంటాడు, వాడు జాకెట్టు ధర చీరలోనే కలిపేస్తాడు. ఇందులో చీర ఏది?" అన్నారు. ఈ ప్రశ్నకు ఆర్థికశాస్త్రం చదివిన మా ఆయన దగ్గర జవాబు లేదు. అమ్మాయి చెప్పింది. దీని మూలం, అంటే ప్రోగ్రాం రాసిన కోడ్, బహిరంగంగా ఉంటుంది, ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకు పంచవచ్చు. ఆ షరతు లైసెన్సులోనే రాసి ఉంటుంది కనుక రేపు ఎవరో వచ్చి ఇది నాది అని తలుపు వేసుకోలేరు. లిబ్రెఆఫీస్ అలాగే పుట్టింది. ఓపెన్ఆఫీస్ అనే ఇలాంటిదే పాత సాఫ్ట్‌వేర్ ఒక పెద్ద కంపెనీ చేతికి వెళ్ళినప్పుడు, దాని మీద పనిచేసేవాళ్ళలో చాలామంది 2010లో ఆ మూలాన్నే తీసుకుని వేరుపడ్డారు. వాళ్ళ మీద కేసు వేయడానికి కూడా లేదు. యానిమేషన్ బొమ్మలు చేసే బ్లెండర్ కథ ఇంకా బాగుంటుంది. దాన్ని నడిపే కంపెనీ మూతపడితే, 2002లో వాడకందార్లే తలా కొంత వేసుకుని ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి దాని మూలాన్ని విడిపించారు. ఇచ్చినవాళ్ళు ఒక్కసారే ఇచ్చారు, అది లోకమంతటిదీ అయింది. 2025లో ఆస్కార్ అందుకున్న లాట్వియా యానిమేషన్ చిత్రం దానితోనే తయారైంది. ఇదంతా విని అత్తగారు, "అయితే మన రామాలయం లాంటిదన్నమాట" అని ఊరుకున్నారు. తమరికి ఆ మాట అర్థం కావడానికి సమయం పడుతుంది.

మా ఆయన మాత్రం ఇలాంటి సరుకు తన కంప్యూటర్‌లో అడుగుపెట్టడానికి వీల్లేదన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన పాత సినిమా చూస్తున్నారు, వీఎల్‌సీలో. పారిస్ దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టి, 2001 నుంచి స్వేచ్ఛగా అందరికీ వదిలేసిన సాఫ్ట్‌వేర్ అది. చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది లినక్స్, అదీ ఈ జాతిదే. నేను ఏమీ అనలేదు, ఇంట్లో శాంతి ముఖ్యం.

ఇక మా పొడుల వ్యాపారం. అత్తగారూ నేనూ కందిపొడి, కరివేపాకు పొడి, కాకరకాయ కారం చేసి సీసాల్లో అమ్ముతాం. సీసాకు చీటీ కావాలి, చీటీ మీద "లక్ష్మి" అనే మాట రావాలి. ఒక ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తే క్ష ఒకచోట, మ ఇంకొకచోట, గుడి ఎటో విడిపోయి కనిపించాయి. లక్ష్మీదేవి అలిగిందనుకున్నాం. తీరా చూస్తే సెట్టింగుల లోలోపల మధ్యప్రాచ్య, దక్షిణాసియా భాషలకంటూ ఒక మీట ఉందట, అది వేస్తే తప్ప వత్తులు కలవవట. 2011 జనగణన ప్రకారం మన దేశంలోనే తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల పైచిలుకు. వాళ్ళందరికీ కలిపి తమరు కేటాయించిన స్థలం ఆ మీట. ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో అదే మాట టైపు చేయగానే లక్ష్మి సలక్షణంగా కూర్చుంది. పైగా మండలి, ధూర్జటి, సురవరం, గురజాడ అంటూ ఇంటి మనుషుల్లాంటి పేర్లతో తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సు మీద బోలెడు దొరికాయి. అత్తగారు అన్నీ చూసి, "రామభద్ర బొద్దుగా ఉంది, కారానికి అదే పెట్టు" అని తేల్చేశారు.

తమకు అన్యాయం చేయను. అచ్చుకు వెళ్ళాక మిరపకాయ ఎరుపు ఇటుక రంగుకు తిరిగింది. ఇంక్‌స్కేప్ రంగుల్ని తెర లెక్కలో పంపుతుంది, ప్రెస్సుకు కావాల్సింది సిరా లెక్క. ఆ పనికి స్క్రైబస్ అనే, అచ్చు పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించాల్సి వచ్చింది, దాన్ని నేర్చుకునేలోపు నాకు రెండుసార్లు తలనొప్పి వచ్చింది. ప్రెస్సులో తెలుగు సంగతి వేరే. చాలాచోట్ల ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజీమేకరే దిక్కు. దాని చివరి వెర్షన్ వచ్చింది 2001లో. అందులో వాడే పాత ఫాంట్లకు యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ ఇప్పుడు ఉమ్మడిగా వాడే అక్షర సంకేతాల పద్ధతి, తెలియదు, మనం ఫోనులో పంపిన తెలుగంతా అక్కడ చుక్కలూ గళ్ళూ అవుతుంది. డీటీపీ చేసే ఆయన అంతా మళ్ళీ కొడతాడు, మనం మళ్ళీ ప్రూఫు దిద్దుతాం, "శ్రీమతి" దీర్ఘం మళ్ళీ పోతుంది. అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇస్తే ఆ బాధ తప్పింది. మా ఆయన ఆఫీసు ఎక్సెల్ ఫైళ్ళలో పనిని వాటంతట అవే చేసిపెట్టే మాక్రోలు కూడా లిబ్రెఆఫీస్‌లో సరిగా ఆడలేదు. అందువల్ల తమరు ఆయన ఆఫీసులో, ఆఫీసు ఖర్చు మీద నిక్షేపంగా ఉండవచ్చు. అక్కడ కాఫీ కూడా ఇస్తారు.

ఇంటి నుంచి మాత్రం సెలవు తీసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధన పుణ్యమా అని డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందుగా తమరి గురించి బ్యాంకు సందేశం వస్తుంది. ఆ సందేశం చూసుకుని రద్దు చేయడానికి కూర్చున్నాను. చేరేటప్పుడు ఒక్క నొక్కుడు. వెళ్ళేటప్పుడు మాత్రం ఎక్కడెక్కడో తిప్పారు. రెండు నెలలు ఉచితమన్నారు. వద్దన్నాను. సగం ధరకే అన్నారు. అంటే ఇన్నేళ్ళూ ఆ మిగతా సగం ఎందుకు తీసుకున్నట్టు? ఆఖరున వెళ్ళడానికి కారణం ఏమిటని అడిగి నాలుగు జవాబులు మీరే ఇచ్చారు: ధర ఎక్కువ, అవసరం తీరింది, వాడటం కష్టం, ఇతరములు. ఇతరములు నొక్కాను. చిన్న గడి తెరుచుకుంది. మామగారు పక్కనే నిలబడి చెబుతుంటే టైపు చేయడం మొదలుపెట్టాను. చెరువు దగ్గర మొదలుపెట్టారు ఆయన. రెండో వాక్యం మధ్యలోనే గడి నిండిపోయిందని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

మిగతాది ఇలా రాసి పంపుతున్నాను.

ఇట్లు,
గడువు ముగిసిన తమ చందాదారు